మీ అమ్మమ్మ రాసుకోని నూనె

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిన్నోడా, బుజ్జమ్మా,

మొన్న ఆదివారం బుజ్జమ్మ హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. దువ్వెన నిండా జుట్టేనట, బాత్రూమ్ జాలీ దగ్గర ఉండలు కట్టిందట, అదంతా అక్కడి బోరు నీళ్ళ మహిమట. పక్క మంచం పిల్ల ఏదో నూనె చెప్పిందట, సీసా 1,200 రూపాయలు, డబ్బులు పంపమంది. అదే సాయంత్రం చిన్నోడు వాట్సాప్‌లో తన నుదురు ఫొటో పెట్టి, 'తాతయ్యా, నాది నీ పోలికేనా?' అన్నాడు. ఫోన్లో చెబితే మీరు సగమే వింటారు. అందుకే ఈ ఉత్తరం. గవర్నరుపేటలో ముప్పై ఏళ్ళు మందుల షాపు కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి, పైగా బట్టతలవాణ్ణి. ఈ సంగతి మాట్లాడటానికి నాకు రెండు అర్హతలూ ఉన్నాయి.

ముందు నా తప్పు ఒకటి చెప్పేస్తాను. మీ అమ్మ పుట్టకముందు నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గిన మూడు నెలలకి జుట్టు గుప్పెళ్ళతో ఊడింది. వన్‌టౌన్‌లో ఒకతను మూలికల నూనె అమ్మేవాడు, పోయి తెచ్చుకున్నాను. రెండు నెలలు రాశానో లేదో రాలడం ఆగింది, కొత్త జుట్టు మొలిచింది. ఇంకేముంది, ఆ నూనె మా షాపులోనే పెట్టి ఐదారేళ్ళు అమ్మాను. అడిగినవాడికీ అడగనివాడికీ నా తలే చూపించేవాణ్ణి. ఒకరోజు మీ అమ్మమ్మ బియ్యం ఏరుతూ, తల కూడా ఎత్తకుండా అంది: 'ఆ జ్వరం నాకూ వచ్చింది కదండీ. నాకూ ఊడింది. నేను మామూలు కొబ్బరినూనే రాసుకున్నాను. నా జడ మళ్ళీ రాలేదా?'

నేను నోరు మూసుకున్నాను. ఆ నూనె రాసుకోని మనిషి నా ఇంట్లోనే ఉంది, నేనే ఆవిడ వంక చూడలేదు. తర్వాత నలభై దాటాక నాకు అసలు బట్టతల మొదలైనప్పుడు అదే నూనె బుడ్లకు బుడ్లు పోశాను. ఫలితం మీరు చూస్తూనే ఉన్నారు.

బుజ్జమ్మా, తల మీద లక్షకి అటూ ఇటూగా వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, తర్వాత మూడు నెలలు కదలక మెదలక ఉంటుంది, ఆపైన రాలిపోతుంది. అదే కుదురులోంచి కొత్తది వస్తుంది. మంచి ఆరోగ్యంతో ఉన్నవాళ్ళకీ రోజుకి 50 నుంచి 100 దాకా రాలతాయి. పెద్ద జ్వరం వచ్చినా, కాన్పు అయినా, ఒంట్లో రక్తం బాగా పోయినా చాలా వెంట్రుకలు ఒక్కసారే ఆ విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. రెండు మూడు నెలలయ్యాక అవన్నీ కలిసి ఊడతాయి. అప్పటికి జ్వరం సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఎదురుగా నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది, దాన్నే తిడతాం. నీకు శ్రావణంలో జ్వరం వచ్చింది, ఇప్పుడు కార్తీకం. వేళ్ళ మీద లెక్కపెట్టుకో. కుదురు బతికే ఉంది కాబట్టి మామూలుగా కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. అయినా సెలవులకి వచ్చినప్పుడు రక్తం ఎంతుందో, థైరాయిడ్ ఎలా ఉందో ఒకసారి చూపిద్దాం.

దానంతటదే తగ్గే జబ్బుకి ఏ మందైనా పనిచేసినట్టే ఉంటుంది. జుట్టు మందుల మీద పరిశోధన కష్టమయ్యేది ఇక్కడే. మందు వాడినవాళ్ళని ఒక్కళ్ళనే చూస్తే ఏమీ తేలదు, వాడనివాళ్ళని కూడా పక్కన పెట్టుకుని చూడాలి. నమ్మకాన్నీ కొలిచి చూస్తేనే తేలుతుంది. దుర్గ ఘాట్ దగ్గర మీ ఇద్దరికీ గుండు కొట్టించినప్పుడు, 'ఇక జుట్టు ఒత్తుగా వస్తుంది' అని మీ అమ్మ ఎంత సంబరపడిందో! అమ్మవారి మొక్కు మొక్కే, దాని సంగతి వేరు. కానీ గీస్తే వెంట్రుక లావెక్కుతుందా అన్నది 1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే ఆవిడ పరీక్షించింది. నలుగురు మగవాళ్ళ చేత ఒకే పద్ధతిలో గడ్డం గీయించి, ఆ వెంట్రుకల్ని కొలిచి చూసింది. లావూ మారలేదు, పెరిగే వేగమూ మారలేదు.

ఇక చిన్నోడా, నీది జ్వరం వ్యవహారం కాదు. మగ హార్మోను వల్ల నుదుటి దగ్గరా నడినెత్తి మీదా కుదుళ్ళు ఏటేటా చిన్నవైపోతూ సన్నటి నూగు మాత్రమే పుట్టించే తంతు ఇది. ఈ గుణం వంశంలో వస్తుంది. దీనికి ఫినాస్టరైడ్ అనే మాత్ర ఉంది. ముందు ప్రొస్టేట్ వాపుకి 5 మిల్లీగ్రాములది 1992లో వచ్చింది, బట్టతలకి 1 మిల్లీగ్రాము మాత్రని అమెరికాలో 1997లో ఒప్పుకున్నారు. దాన్ని ఎలా పరీక్షించారో వింటే నీకే ముచ్చటేస్తుంది. 18 నుంచి 41 ఏళ్ళ మగవాళ్ళని 1,553 మందిని తీసుకున్నారు. చీటీలు వేసినట్టు పంచి కొందరికి అసలు మాత్ర, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నారో మింగేవాడికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. నడినెత్తి దగ్గర అంగుళం వెడల్పు గుండ్రటి చోటు ఒకటి ఎంచుకుని, మళ్ళీ అదే చోటు దొరికేలా పచ్చబొట్టు చుక్క పెట్టారు. అక్కడి జుట్టు పొట్టిగా కత్తిరించి, దగ్గరగా ఫొటో తీసి, ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టారు. మొదట్లో ఆ చోట సగటున 876 ఉండేవి. ఏడాది తిరిగేసరికి అసలు మాత్ర వాళ్ళకీ ఉత్తుత్తి మాత్ర వాళ్ళకీ మధ్య తేడా 107, రెండేళ్ళకి 138.

138 వెంట్రుకలు! అంతేనా అంటావు. అంతే. సినిమా హీరో జుట్టు రాదు, ఉన్నది నిలబడి కాస్త తోడవుతుంది. మానేస్తే వచ్చిందీ పోతుంది. కొద్దిమందికి కోరిక తగ్గడం లాంటి ఇబ్బందులూ వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలోనూ కొందరు అదే చెప్పారనుకో, అయినా డాక్టరుని అడక్కుండా ముట్టుకోకు. బుజ్జమ్మా, అది నీకు కానే కాదు.

మినాక్సిడిల్ కథ ఇంకో తమాషా. అది అసలు బీపీ మాత్ర, 1979లో వచ్చింది. మింగినవాళ్ళకి ఎక్కడ పడితే అక్కడ వెంట్రుకలు మొలుస్తుంటే, దాన్నే తలకి రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికా ఒప్పుకుంది. అది రాయడం మొదలుపెట్టిన కొన్ని వారాలు కొందరికి జుట్టు ఇంకా ఎక్కువ ఊడుతుంది. అది చూసి బెదిరిపోయి, సగం సీసా తిరిగి తెచ్చి నాతో పోట్లాడినవాళ్ళు ఎంతమందో!

మన పక్కింటి అబ్బాయికి తలలో రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయిందే, అది పేనుకొరుకుడు. పేను కొరకడమూ లేదు, గురివింద గింజ రుద్దాల్సిన పనీ లేదు. ఒంట్లోని రక్షణ కణాలే పొరబడి కుదుళ్ళ మీద పడతాయి. సగం తలకు పైగా పోయినవాళ్ళకి బారిసిటినిబ్ అనే మాత్ర ఇచ్చి రెండు పెద్ద పరీక్షలు చేశారు. మొదటిదాంట్లో 36 వారాలకి ఎక్కువ మోతాదు తీసుకున్న ప్రతి 100 మందిలో 39 మందికి తలలో ఐదింట నాలుగు వంతులు జుట్టు వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 6 మందికి వచ్చింది. ఈ ఆరుగురినీ గమనించండి. అప్పట్లో మా నూనె వ్యాపారం బతికింది ఇలాంటి ఆరుగురి మీదే. 2022లో అమెరికాలో ఈ జబ్బుకి ఆ మాత్ర వాడటానికి అనుమతి వచ్చింది. పక్కింటాయనతో చెప్పాను, అది ఇన్ఫెక్షన్ల భయం ఉన్న మందు, డాక్టరు చేతిలోనే ఉండాలి అని.

చిన్నోడా, ఏదో క్లినిక్ వాళ్ళు నలభై వేలు కడితే 'ట్రయల్‌'లో చేర్చుకుంటామన్నారని రాశావు. పరీక్షలో ఉన్న మందుకి నీ దగ్గర డబ్బులెందుకు తీసుకుంటారు? నిజమైన ట్రయల్ అయితే సిటిఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ముందే నమోదై ఉండాలి, 2009 నుంచి అది తప్పనిసరి. మనుషుల మీద చేసే పరీక్షల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకుని ఉండాలి, నీకు అర్థమయ్యే భాషలో కాగితం ఇచ్చి సంతకం తీసుకోవాలి, మధ్యలో ఎప్పుడు మానేస్తానన్నా మానెయ్యనివ్వాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఎంతని అడుగు. ఏం చెప్తారో నాకూ రాయి.

బుజ్జమ్మా, 1,200 పంపడం లేదు. 500 పంపుతున్నాను, గుడ్లూ పల్లీ చిక్కీ కొనుక్కో. ప్రతి నెలా ఒకటో తారీఖున అదే కిటికీ దగ్గర, అదే వేళకి పాపిడి ఫొటో తీసి పెట్టు. సంక్రాంతికి వచ్చాక వరసగా పెట్టి చూద్దాం. మీ అమ్మమ్మ మాత్రం కొబ్బరినూనె సీసా సర్దేసింది. నేను వద్దనలేదు.

మీ తాతయ్య