తులం బరువు గుండు

ప్రియమైన పిల్లలకు,

పెద్ద మనవడికి ఈ మధ్యే పన్నెండేళ్లు నిండాయి. ఇక్కడ అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో పెద్ద జంతువుల వేటకు వెళ్లడానికి కావలసిన కనీస వయసు అదే. మొన్న ఫోను చేసి, క్షేమసమాచారాలు కూడా అడగకుండానే, "తాతయ్యా, ఎల్క్ వేటకు ఏ కేలిబర్ తీసుకోవాలి? మ్యాగ్నమ్ అయితే మంచిది కదా?" అన్నాడు. ఎల్క్ అంటే ఇక్కడి కొండల్లో తిరిగే పెద్ద జాతి దుప్పి, మ్యాగ్నమ్ అంటే మందు ఎక్కువగా దట్టించిన తూటా. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. హైదరాబాదులో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కూడా చదివి వినిపించండి. వాళ్లకు ఒక మాట ముందే చెప్పండి: మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం. ఇది కొలరాడో కొండల సంగతి. ఏ సీజనులో, ఏ ప్రాంతంలో, ఎన్ని జంతువులను వేటాడవచ్చో ఇక్కడ ప్రభుత్వమే లెక్క కట్టి లైసెన్సులు ఇస్తుంది.

నా బల్ల మీద ఒక గుండు ఉంది. చాలా ఏళ్ల కిందట మీకర్ ఊరి పైనున్న కొండల్లో పడిన ఎల్క్‌ను కోస్తుంటే, అవతలి పక్క చర్మం కింద దొరికింది. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుని, రాగి తొడుగు రేకులు రేకులుగా వెనక్కి ముడుచుకుపోయింది. వెనక సగం మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే నున్నగా ఉంది. తూటాలో ఉన్నప్పుడు దీని బరువు 180 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే మీకు అర్థం కాకపోవచ్చు, నాయనమ్మ బంగారం లెక్కలో చెబుతాను. పాత తులం, అంటే 11.66 గ్రాములు, సరిగ్గా 180 గ్రెయిన్లు. ఇంగ్లీషువాళ్లు 1833లో తులాన్ని అలా ఖాయం చేశారు. ఈ గుండు అక్షరాలా తులం బరువు. ఎదిగిన మగ ఎల్క్ మూడు క్వింటాళ్లు తూగుతుంది. మన అడవుల్లోని కణుజు దాని ముందు చిన్నది. తులం లోహంతో అంత ప్రాణిని హింస పెట్టకుండా క్షణాల్లో పడగొట్టాలి. కేలిబర్ గురించి పెద్దలు చేసే వాదనలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి.

కేలిబర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు, అంతే. .30 అంటే అంగుళంలో నూరింట ముప్పై వంతులు. .30-06 అనే పేరులో 06 అంటే అమెరికా సైన్యం ఆ తూటాను తీసుకున్న 1906వ సంవత్సరం. 1952లో వచ్చిన .308 వించెస్టర్, 1963లో వచ్చిన .300 వించెస్టర్ మ్యాగ్నమ్ కూడా అదే వెడల్పు గుండును పేలుస్తాయి. తేడా వెనక దట్టించిన మందులో ఉంది. తులం గుండు .308లో సెకనుకు సుమారు 800 మీటర్ల వేగంతో బయలుదేరితే, .300 మ్యాగ్నమ్‌లో సుమారు 900 మీటర్లతో బయలుదేరుతుంది. ఒకే బరువున్న తుపాకీలలో చూస్తే, ఆ ఎనిమిదో వంతు వేగం కోసం భుజానికి తగిలే తన్ను దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. అంగడిలో తూటాల పెట్టె మీద వేగం అచ్చు వేస్తారు, తన్ను ఎంతో వేయరు.

ఈ అంకెల వెనక ప్రతిసారీ జంతువే ఉంటుందని కూడా అనుకోకండి. 1898లో రిగ్బీ కంపెనీ ఏనుగులకూ పులులకూ పనికివచ్చే .450 తుపాకీని తెచ్చింది. కొన్నేళ్లకే బ్రిటిష్ ప్రభుత్వం .450 కేలిబర్‌ను ఇండియాలోకి, సూడాన్‌లోకి రానివ్వకుండా ఆపింది. తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్న పాత మార్టిని-హెన్రీ సైనిక తుపాకులకు అదే వెడల్పు గుండు సరిపోతుందని దాని భయం. దాంతో తయారీదారులు .465, .470, .475 అంటూ కొత్త కొలతలు పట్టుకొచ్చారు. ఏనుగు చర్మం ఒక్క వెంట్రుకవాసి కూడా మందం పెరగలేదు.

అదే కాలంలో ఆఫ్రికాలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే స్కాట్లాండ్ వేటగాడు వందల ఏనుగులను చిన్న 7 మిల్లీమీటర్ల తుపాకీతో పడగొట్టాడు. కుర్రవాళ్లు ఈ కథ విని చిన్న గుండు చాలంటారు. ఆయన ఏనుగు తలను రంపంతో కోయించి మెదడు ఎక్కడుందో స్వయంగా చూసుకున్న మనిషి. విచ్చుకోని గట్టి గుండును, ఎముకను చీల్చుకుని నేరుగా మెదడుకు చేరేదాన్ని, వాడాడు. ఆ గురి అందరికీ రాదు కాబట్టే ఆఫ్రికాలో చాలాచోట్ల ప్రమాదకరమైన జంతువులకు 1912 నాటి .375ను కనీస కొలతగా పెట్టారు. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

ఎల్క్‌కు రెండూ కావాలి: గుండు విచ్చుకోవాలి, విచ్చుకున్నా లోతుకు దిగాలి. 1946లో జాన్ నాస్లర్ అనే ఆయన కెనడాలో ఒక మూస్‌ను, అంటే ఎల్క్ కంటే పెద్ద దుప్పిని, .300 హాలండ్ అండ్ హాలండ్ మ్యాగ్నమ్ అనే పాత తూటాతో కొట్టాడు. దాని ఒంటి మీద బురద గట్టిగా ఎండిపోయి ఉంది. గుళ్లు పైపైనే చితికిపోయాయి, లోపలికి దిగలేదు. ఇంటికి వచ్చి ఆయన మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న గుండును తయారుచేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా దూసుకుపోతుంది. నా బల్ల మీదున్నది ఆ రకమే. కేలిబర్‌కు పది నిమిషాలు ఆలోచిస్తే గుండు నిర్మాణానికి గంట ఆలోచించాలని నేను నమ్ముతాను.

ఇక నా తప్పు చెప్పాలి. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు. వేట మొదలుపెట్టిన రెండో ఏడు .300 మ్యాగ్నమ్ కొన్నాను. గురి సాధన చేసే రేంజిలో పది తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. అలవాటవుతుందిలే అనుకున్నాను. అక్టోబరు ఉదయం, నూట యాభై గజాల దూరంలో ఒక ఆడ ఎల్క్ పక్కకు తిరిగి నిలబడింది. అంత సులువైన గురి మళ్లీ దొరకదు. ట్రిగ్గరు నొక్కే క్షణంలో నా కళ్లు మూతపడ్డాయి, భుజం ముడుచుకుంది. గుండు ఊపిరితిత్తులకు బాగా వెనకగా, పొట్టలో తగిలింది. మంచు మీద అక్కడక్కడా పచ్చగా, చిక్కగా మరకలు. చీకటి పడేదాకా ఆ జాడ పట్టుకుని నడిచాను. మర్నాడు మధ్యాహ్నం ఒక వాగు పక్కన దొరికింది. రాత్రంతా ప్రాణంతో ఉన్నట్టు దాని కింద కరిగిన మంచును చూస్తే తెలిసింది. మాంసం చాలావరకు చెడిపోయింది. ఆ తుపాకీని ఆ చలికాలంలోనే అమ్మేశాను.

భుజం ముడుచుకునే ఆ అలవాటు మీకు ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. పక్కనున్నవాళ్లు తుపాకీలో ఒకసారి నిజం తూటా, ఒకసారి డమ్మీ తూటా పెట్టి మీకు అందించాలి. ఏది పెట్టారో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గరు టక్కుమంటుంది, పేలుడు ఉండదు. ఆ నిశ్శబ్దంలో గొట్టం మొన కిందికి వంగిందంటే మీ ఒళ్లు తన్నుకు భయపడుతున్నట్టే. మొన కదలకుండా ఉండే తుపాకీయే మీ తుపాకీ, దాని మీద ఏ అంకె ఉన్నా సరే.

కొలరాడో చట్టం ఎల్క్‌కు కనీసం .24 కేలిబర్, 85 గ్రెయిన్ల విచ్చుకునే గుండు ఉండాలంటుంది. .243తో చట్టానికి సరిపోతుంది కానీ, నేను పిల్లవాడి చేతికి అంత అంచున ఉన్నది ఇవ్వను. జంతువు కాస్త వాలుగా నిలబడినా ముందుకాలి ఎముక అడ్డం వస్తుంది. మనవడా, నీకు 7 మిల్లీమీటర్ల-08 అనే తూటా పేల్చే తుపాకీ తెస్తాను. బెల్ వాడిన తూటాకు ఇది శక్తిలో సమానం, తన్ను .308 కంటే తక్కువ. గుండు 140 గ్రెయిన్లు, ముప్పావు తులానికి కాస్త ఎక్కువ. సీసం కాకుండా పూర్తిగా రాగితో చేసినది కొంటాను. సీసం తునకలు మాంసంలోకి చెదురుతాయి, ఆ మాంసం తినేది మనమే. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసం తిని కాండోర్ రాబందులు చచ్చిపోతుంటే కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది.

మొదటి రెండేళ్లు రెండు వందల గజాలు దాటి కొట్టకూడదు. ముందుకాలి వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు. అక్కడ తప్ప మరెక్కడా కాదు. అక్కడ కనబడకపోతే ట్రిగ్గరు నుంచి వేలు తీసి, దాన్ని వెళ్లనివ్వు.

వచ్చే శనివారం ఉదయం ఎనిమిదికి రేంజికి రండి. చెవులకు మఫ్‌లు, కళ్లద్దాలు నేను తెస్తాను. ముందు డమ్మీలతో మొదలుపెడదాం, తర్వాత ఇరవై నిజం తూటాలు. ఇరవై ఒకటోది అడగవద్దు.

మీ
తాతయ్య