బటన్ ఇప్పుడు నొక్కితే మారియో ఎప్పుడో ఎగురుతాడు

పాత వీడియో గేమ్‌లని ఎమ్యులేటర్‌లో, అంటే పాత గేమ్ మెషీన్‌ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాములో, ఆడేవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: చిన్నప్పుడు కళ్లు మూసుకుని దాటేసిన గుంతలో ఇప్పుడు ప్రతిసారీ పడిపోతున్నాం అని. వయసు మీద పడిందని అప్పుడే దిగులు పడకండి, బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద బొమ్మ కదిలేదాకా పట్టే ఆలస్యం, అంటే ఇన్‌పుట్ లాగ్, ముందు చూసుకోండి.

మారియో ఆడుకున్న నింటెండో పాత కన్సోల్ ఎన్‌ఈఎస్ సెకనుకు దాదాపు 60 ఫ్రేములు చూపించేది, అంటే ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. ఫ్రేము మొత్తాన్ని దాచుకునే మెమరీ దానికి లేదు కాబట్టి బొమ్మలో ఒక్కో గీత తయారవుతుండగానే సీఆర్‌టీ టీవీకి, అంటే పాత డబ్బా టీవీకి, వెళ్లిపోయేది. ఇప్పుడైతే మన నొక్కుడు యూఎస్‌బీ, ఆపరేటింగ్ సిస్టమ్, ఎమ్యులేటర్, గ్రాఫిక్స్ డ్రైవర్ అన్నీ దాటుకుని టీవీకి చేరాలి, దారిలో అందరూ తలా కాస్త ఆపుతారు.

అన్నిటికంటే ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో కొన్ని టీవీలు 100 మిల్లీసెకన్లు పైనే మింగేస్తాయి, అంటే ఆరు ఫ్రేములు! ఇది వదిలేసి ఎమ్యులేటర్ సెట్టింగులతో కుస్తీ పట్టడం దండగ. ఫ్రేములను తెర వేగానికి సరిపెట్టే వీసింక్ సెట్టింగు ఆపేసినా లాగ్ తగ్గుతుంది, కాకపోతే బొమ్మ మధ్యలో చిరిగినట్టు కనిపిస్తుంది, నాకైతే అది అస్సలు నచ్చదు.

అసలు మజా రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్ ప్రోగ్రాములో 2018లో వచ్చిన రన్-అహెడ్ అనే సదుపాయంలో ఉంది. చాలా పాత ఆటలు బటన్ చదివాక ఫలితం చూపించడానికి ఒకటో రెండో ఫ్రేములు వాటంతట అవే తీసుకుంటాయి, అసలు కన్సోల్ మీద కూడా అంతే. మీ ఆట ఎన్ని తీసుకుంటుందో చూడాలంటే కీబోర్డులో పీ నొక్కి ఆటను ఆపండి, ఎగిరే బటన్ పట్టుకునే ఉండి, కే ఒక్కోసారి నొక్కుతూ ఒక్కో ఫ్రేమే ముందుకు జరపండి. మూడో నొక్కుకి బొమ్మ కదిలితే రెండు ఫ్రేములు వృథా అన్నమాట, రన్-అహెడ్ 2 పెట్టుకోవచ్చు. అప్పుడు ఎమ్యులేటర్ ఏం చేస్తుందంటే, ఆట స్థితిని సేవ్ చేసుకుని, మీరు నొక్కిన బటన్‌తోనే ఇంకో రెండు ఫ్రేములు చాటుగా నడిపి, ఆ చివరిది మాత్రం మీకు చూపించి, మళ్లీ సేవ్ చేసిన చోటికి వెనక్కి వచ్చేస్తుంది. ఇదంతా ప్రతి ఫ్రేములోనూ! తర్వాత మీరు ఏ బటన్ నొక్కుతారో దానికి తెలియదు కదా అంటారా? తెలియక్కర్లేదు, ఆ రెండు ఫ్రేముల్లో ఎలాగూ కొత్త నొక్కుడు ప్రభావం తెర మీదికి రాదు. అత్యాశకు పోయి 4 పెడితే మాత్రం ఎగరడంలోని మొదటి భంగిమలు ఎగిరిపోయి బొమ్మ కుదుపుతో కదులుతుంది.

అసలు కన్సోల్ కంటే వేగంగా స్పందించడం మోసం కాదా అని కొందరు వాదిస్తారు. టీవీ, డ్రైవర్ తినేసినదాన్ని తిరిగి రాబట్టుకోవడమే ఇది అని నా ఉద్దేశం. ఎన్‌ఈఎస్ ప్రధాన మెమరీ 2 కిలోబైట్లే కాబట్టి ఈ సేవ్ చేయడం, వెనక్కి రావడం ఇప్పటి ప్రాసెసర్‌కి లెక్కలోకే రాదు, కానీ 3డీ కన్సోళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక ఫ్రేము వ్యవధిలో మూడు ఫ్రేముల పని చేయలేక చాలా కంప్యూటర్లు చతికిలపడతాయి.

ఏది మార్చినా ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, వేలూ తెరా రెండూ కనిపించేలా ఒక వీడియో తీసి చూడండి, అందులో ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు.