ముఖపరిచయం కాదు, ముక్కుపరిచయం

అంబాజీపేట దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ పెరట్లో, కొబ్బరి డొక్కల కుప్ప కింద ఒక పిల్లికూన దొరికింది. వయసు రెండు నెలలుంటుందేమో. తల్లి జాడ లేదు. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారుగా, ఏ ఇంటి దగ్గరో లెక్క తప్పి ఉంటుందని పెద్దమ్మ తేల్చేసింది. ఇబ్బందల్లా ఏంటంటే, ఆ ఇంట్లో బంగారి అనే ఏడేళ్ళ ఆడపిల్లి ముందునుంచే ఉంది.

మొదటి రోజే తప్పు చేసింది నేను. వసారాలో ఒకే పళ్ళెంలో ఉడికించిన చేప పెట్టి, రెంటినీ ఎదురెదురుగా దింపాను. ఒక విస్తట్లో తింటే చుట్టరికం కలుస్తుందని మన లెక్క. బంగారి చెవులు తలకి అంటించేసి, బుస్సుమని, చేప వంక కూడా చూడకుండా అటకెక్కింది. మర్నాడు సాయంత్రం దాకా దిగలేదు. "రెండ్రోజులు కొట్టుకుని అవే సద్దుకుంటాయిలేరా" అంది పెద్దమ్మ. సద్దుకునేవీ ఉంటాయి. కానీ మొదటి గొడవ మనసులో పెట్టుకుని నెలల తరబడి ఒకదాన్నొకటి తప్పించుకు తిరిగే పిల్లులూ ఉంటాయి.

ఇంటి పిల్లికి మూలం ఆఫ్రికా అడవిపిల్లి. అది ఒంటరిగా వేటాడుతుంది. ఎలుక ఒక పూట భోజనం, అదీ ఒక్కరికే. పంచుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి గుంపు కట్టాల్సిన అవసరమూ రాలేదు. మనిషి ధాన్యం దాచుకోవడం మొదలుపెట్టాక, ఎలుకల కోసం మన గాదెల దగ్గరికొచ్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కనే ఒక పిల్లి ఎముకలు దొరికాయని 2004లో ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా అడవిపిల్లులు లేవు. అంటే ఎవరో పడవలో తీసుకెళ్ళారన్నమాట.

మరి చేపలు దించే రేవుల్లో గుంపులుగా తిరిగే పిల్లుల సంగతి? అంతర్వేది వైపు వెళ్ళినవాళ్ళెవరైనా అడుగుతారు. తిండి ఒకేచోట కుప్పగా పడి ఉంటే పిల్లులూ కలిసి బతకగలవు. జపాన్‌లో ఐనోషిమా దీవిలో చేపల చెత్త చుట్టూ చేరిన పిల్లుల మీద పరిశోధకులు ఏళ్ళ తరబడి పనిచేశారు. అయితే ఇలాంటి గుంపులకు నడుమ ఉండేవి ఎక్కువగా తల్లీకూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు. ఒకదాని కూనలకి ఇంకొకటి పాలివ్వడం కూడా ఉంది. బయటి పిల్లి వస్తే మాత్రం తరిమేస్తాయి. మా బంగారి లెక్కలో కూన బయటిదే.

మరి మనవాళ్ళెవరో, బయటివాళ్ళెవరో పిల్లి ఎలా తేల్చుకుంటుంది? ఎక్కువగా ముక్కుతోనే. మీసాలకీ చెవికీ మధ్య బుగ్గ మీద వాసన గ్రంథులుంటాయి. గుమ్మానికీ, మన కాళ్ళకీ, తోటి పిల్లికీ బుగ్గ రాయడం ముద్దు ఒక్కటే కాదు, ముద్ర వెయ్యడం కూడా. అలా రాసుకోగా రాసుకోగా ఆ ఇంటికంతా ఒకే ఉమ్మడి వాసన వస్తుంది. ఆ వాసన ఉన్నవాళ్ళే ఇంటివాళ్ళు.

అందుకే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. కూనని వడ్ల బస్తాలుండే గదిలో పెట్టి తలుపేశాం. దాని నీళ్ళు దానివి, దొడ్డికెళ్ళే తొట్టి దానిది దానికే. తొట్టిలోకి కొబ్బరి పొట్టు. కోనసీమలో దానికేం కొదవ! ఇలా రెండు వారాలు విడిగా ఉంచడానికి జబ్బుల భయం కూడా ఒక కారణం. పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు తెచ్చే వైరస్ కూనల్ని వాంతులు, విరేచనాలతో రోజుల్లో చంపేయగలదు. నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకీ అంటుకుని వస్తుంది. టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి మళ్ళీ వేయించాలి.

పాత లుంగీ చింపి ఒక ముక్కతో కూన బుగ్గలు తుడిచి, బంగారి పడుకునే గోనెసంచి పక్కన పడేశాను. వాసన చూసింది. తల కొంచెం ఎత్తి, నోరు సగం తెరిచి, పై పెదవి పైకి లాగి, ఏదో చేదు తిన్నట్టు అలాగే ఉండిపోయింది. వెక్కిరింపేమో అనుకుంటాం. కాదు. పై పళ్ళ వెనక రెండు సన్నని రంధ్రాలుంటాయి, వాటిలోంచి వాసన ఇంకో అవయవానికి చేరుతుంది. ముక్కుతో చాలనప్పుడు పిల్లి దాన్ని వాడుతుంది. తర్వాత ఆ గుడ్డ మీదే బుసకొట్టింది. నాలుగో రోజుకి వాసన చూసి వెళ్ళిపోయింది. ఆరో రోజు దాని మీదే పడుకుంది.

అప్పుడు మూసిన తలుపుకి ఇటూ అటూ తిండి పెట్టాం. ముందు ఆరడుగుల దూరంలో, తర్వాత రోజుకింత దగ్గరగా. ఆ పైన తలుపు తీసి, అడ్డంగా దోమల మెష్ బిగించాం. బుసకొడితే తిట్టకూడదు. అది పోట్లాట కాదు, దగ్గరికి రావద్దని చెప్పడం. కదలకుండా, రెప్ప వెయ్యకుండా గుడ్లప్పగించి చూస్తుంటే మాత్రం మధ్యలో ఒక అట్టముక్క పెట్టాలి. చెయ్యి పెడితే మనకే గాట్లు పడతాయి.

బంగారి అలిగిందనిపించినప్పుడు నేను దాని ముందు కూర్చుని కళ్ళు సగం మూసి నెమ్మదిగా తెరిచేవాణ్ణి. ఇలా చేసే మనిషి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వస్తాయని ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో చూపించారు. "దానికి కన్నుకొడుతున్నాడు" అని పెద్దమ్మ వీధంతా చెప్పుకుంది.

నెల తిరిగేసరికి రెండూ ఒకే అరుగు మీద, మూరెడు ఎడంలో పడుకునేవి. ప్రాణస్నేహమని చెప్పను. కూనకి ఐదో నెలలో ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చాం. ఒళ్ళంతా మందుల వాసన. బంగారి ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టి, బుస్సుమని మళ్ళీ అటకెక్కింది. నేను లుంగీ ముక్క ఎక్కడ పెట్టానో వెతకడం మొదలుపెట్టాను.