జ్ఞానదంతం తీయించుకుంటే నాలుక మొద్దుబారుతుందా? అపోహలు - వాస్తవాలు

"నిన్న పన్ను తీశారండీ, నాలుకకి ఇంకా మత్తు దిగలేదు." కింది జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ళు ఈ మాట అంటే తేలిగ్గా తీసుకోవద్దు. మత్తు సూది ప్రభావం నాలుక మీద మామూలుగా మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది. మర్నాటికీ నాలుకలో ఒక పక్క మొద్దుగానే ఉందంటే నాలుక నరానికి, అంటే లింగ్వల్ నర్వ్‌కి, దెబ్బ తగిలిందేమో చూడాలి. ఈ నరం గురించి అటు రోగుల్లోనూ ఇటు డాక్టర్లలోనూ పాతుకుపోయిన నమ్మకాలు కొన్నున్నాయి.

అపోహ: ఎక్స్‌రేలో నరం దూరంగా ఉంది, ఇక భయం లేదు.

ఓపీజీలో, అంటే దవడలు మొత్తం కనిపించే ఎక్స్‌రేలో, కనిపించేది వేరే నరం దారి. అది దవడ ఎముక లోపలి కాలువలో సాగి పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుంది. నాలుక నరం ఎముకకి బయట, నాలుక వైపున, చిగురు కింద మెత్తటి కండలో పోతుంది. ఓపీజీలోనే కాదు, దవడల త్రీడీ స్కాన్ అయిన సీబీసీటీలోనూ అది కనపడదు. డెల్టా వాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే పెదవి నరం రెండు పక్కలా సిమెంటు గట్లున్న పంటకాలువ, నాలుక నరం చేలో ఎటైనా తిరిగే బోదె.

జ్ఞానదంతం దగ్గర ఇది సగటున ఎముక అంచుకి 2 - 3 మి.మీ. కిందుగా, లోపలి ఎముక పలకకి సుమారు 2 మి.మీ. దూరంలో ఉంటుంది. ఆ సగటుని నమ్ముకుంటేనే ముప్పు. శవాల మీదా ఎమ్మారైలోనూ జరిగిన వేర్వేరు పరిశీలనల్లో నూటికి 10 నుంచి 17 దాకా నరాలు ఎముక అంచుతో సమానంగానో, దానికి పైనో కనిపించాయి. ఎముకని ఆనుకుని ఉన్నవి నూటికి 20 నుంచి 60 దాకా. డాక్టరుగా మీ ముందున్న నోట్లో అది ఎక్కడుందో తెలియదు కాబట్టి, ప్రతిసారీ అంచు మీదే ఉందనుకుని కత్తి పట్టాలి.

అపోహ: బలంగా లాగితేనే నరం దెబ్బతింటుంది.

పన్ను లాగడం కన్నా ముందూ వెనకా చేసే పనుల్లోనే ఎక్కువ ప్రమాదం. మొదటిది కోత. రెండో దవడ పన్ను వెనక నుంచి తిన్నగా గొంతు వైపు కోస్తే బ్లేడు ఎముక మీంచి జారి నాలుక వైపు మెత్తటి కండలో పడుతుంది, ఎందుకంటే దవడ ఎముక అక్కడ చెంప వైపు విచ్చుకుంటుంది. ముందు చూపుడువేలితో ఎముక గట్టు తడిమి చూసి, కోతని చెంప వైపు వాల్చాలి. బ్లేడు కింద ఎముక గట్టిగా తగులుతూనే ఉండాలి. తగలడం మానిందంటే ఆగిపోవాలి.

రెండోది డ్రిల్. ఎముకని చెంప వైపూ పన్ను వెనకా తీయండి, నాలుక వైపు మూలని ముట్టుకోవద్దు. పన్నుని ముక్కలు చేసేటప్పుడు బర్‌ని, అంటే డ్రిల్ కొసన తిరిగే ములికిని, ఆ చివరిదాకా పోనివ్వకూడదు. మూడొంతులు కోసి, గాడిలో ఎలివేటర్ (పన్నుని కదిపే పరికరం) పెట్టి తిప్పితే మిగతాది టక్కున విరుగుతుంది. లోపలి పలక కొందరిలో గుడ్డు పెంకంత పల్చన. బర్ దాన్ని దాటితే వెంటనే తగిలేది నరమే.

లోపలి చిగురుని లేపి కింద రిట్రాక్టర్ (కండని పక్కకి పట్టి ఉంచే పరికరం) పెడితే నరానికి కాపు అనుకునేవాళ్ళున్నారు. అలా లేపిన కేసుల్లో తాత్కాలిక తిమ్మిరి ఎక్కువగా కనిపించింది, ఆ సాగదీతే కారణం. అవసరం లేనిచోట లేపకపోవడమే మేలు. పన్ను ఊడి బయటికి వచ్చాక గుంతలో మిగిలిన పొరని ఆర్టరీ ఫోర్సెప్స్ అనే పట్టకారుతో పట్టి గుంజినా, కుట్టు వేసేటప్పుడు నాలుక వైపు సూది లోతుగా దించినా నరం అందులో చిక్కుకోవచ్చు. అక్కడ అంచుని పైపైన పట్టుకుంటే చాలు.

అపోహ: మత్తు సూది వల్ల నరం పోదు.

అరుదే గానీ జరుగుతుంది. నోరు బాగా తెరిచినప్పుడు నరం బిగుసుకుని సూది నుంచి పక్కకి తప్పుకోలేదు. నాలుకలోకి షాక్ కొట్టినట్టుందని రోగి ఉలిక్కిపడితే, అక్కడే మందు ఎక్కించకుండా సూదిని కాస్త వెనక్కి తీసి దిశ మార్చాలి. ఇలా వచ్చిన మొద్దు చాలామందికి రెండు నెలల్లో తగ్గుతుంది.

అపోహ: నాలుక పడిపోయింది, ఇది పక్షవాతం.

కాదు. నాలుకని కదిలించేది మెదడు నుంచి వచ్చే వేరే నరం, పన్నెండో కపాల నాడి. లింగ్వల్ నర్వ్ పని ముందు మూడింట రెండు వంతుల నాలుకకి స్పర్శ ఇవ్వడం. రుచి తెచ్చే కార్డా టింపనీ అనే నరం పైనే వచ్చి దీంతో కలుస్తుంది కాబట్టి ఆ పక్క ఉప్పూ తీపీ కూడా మందగిస్తాయి. మాట తడబడేది నాలుక ఎక్కడుందో తెలియక.

పై పళ్ళు పీకితే చూపు పోతుందన్నదీ ఇలాంటి భయమే. పంటి నరం వేరు, చూపు నరం వేరు.

అపోహ: బీ-కాంప్లెక్స్ వాడుతూ ఏడాది ఆగితే స్పర్శ దానంతటదే వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. నలిగిన, సాగిన నరం వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటుంది, నిజమే. తెగిన నరాన్ని మాత్రం ఏ మాత్రా అతకదు. కాలువలాంటి గూడు లేదు కాబట్టి తెగిన కొసలు వెనక్కి ముడుచుకుపోతాయి, మధ్యలో మచ్చ కండ పెరుగుతుంది.

అందుకే ఊహ కాదు, కొలత కావాలి. రోగి కళ్ళు మూయించి, దూది పోగుని సన్నగా పేని నాలుక కొస నుంచి వెనక్కి తాకిస్తూ రండి. ఎక్కడెక్కడ తెలియడం లేదో బొమ్మ మీద గీసి తేదీ వేయండి. తర్వాత పిన్నుతో మెల్లగా గుచ్చి మంచి పక్కతో పోల్చండి. వారానికి, నెలకి, మూడు నెలలకి ఇదే మళ్ళీ చేయాలి. గీసిన మొద్దు భాగం తగ్గుతూ వస్తుంటే ఆగొచ్చు. మూడు నెలలకీ ఆ పక్క ఏమీ తెలియకపోయినా, మంట పెరుగుతున్నా నరాన్ని మైక్రోస్కోపు కింద కుట్టగల సర్జన్ దగ్గరికి పంపాలి. ఆపరేషన్‌లోనే తెగిందని కళ్ళారా కనిపిస్తే మూడు నెలలు ఆగే పనే లేదు. కుట్టినా స్పర్శ పూర్తిగా మునుపటిలా రావడం అరుదని ముందే చెప్పండి. నాలుక కొరుక్కోవడం తగ్గినా ఆ మనిషికి పెద్ద ఊరటే.

ఈలోగా వేడి టీ, పులుసు చెంచాతో పెదవికి తగిలించి చూసుకుని తాగాలి. అన్నం మంచి పక్కనే నమలాలి. వరద రోజుల్లో పులస వండితే ముళ్ళు ఇంట్లో ఇంకొకరు ఏరి పెట్టాలి. మొద్దు నాలుకకి ముల్లు తెలియదు.