బస్తాకీ కష్టానికీ తేడా

నర్సాపురం

బుజ్జికీ, చిన్నోడికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగారుగా, "మానవ వనరులంటే మనుషుల్ని కూడా బొగ్గూ ఇనుములాగా లెక్కేస్తారా?" అని. పాలు పొంగుతున్నాయని పెట్టేశాను. ఇప్పుడు చెబుతాను.

వడ్ల బస్తా అమ్మితే బస్తా వెళ్తుంది, అమ్మినవాడు ఇంట్లోనే ఉంటాడు. కష్టం అమ్మితే దాంతోపాటు మనిషీ వెళ్లాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన డెల్టా పచ్చబడింది. అయినా భూమి లేనివాళ్లకి ఊడ్పులూ కోతలూ అయ్యాక పని దొరికేది కాదు. అటు బర్మాలో వరి కోతలకీ, రంగూన్ రేవులో మోతకీ మనుషులు చాలేవారు కాదు. అందుకని మనవాళ్లు కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడలెక్కారు. అక్కడివాళ్లు మనవాళ్లని 'కోరంగీలు' అనే పిలిచేవారట. కూలీల్ని కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ బాకీ తీరేదాకా అతను చూపించిందే పని, ఇచ్చిందే కూలి.

నేను మాత్రం గుమ్మం దాటకుండానే విదేశాలకి పనిచేశాను, తెలుసా! లేసు అల్లడం పన్నెండో ఏట నేర్చుకున్నాను. దారం ఏజెంటుది, సూది నాది. ఆ టేబుల్ క్లాతులు యూరప్, అమెరికా వెళ్లేవి. కూలి పెంచమంటే, "ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకునేదానికి ఇంకెంతమ్మా?" అనేవాడు. ఖాళీ! వంట, గేదె, ముగ్గురు పిల్లలు, అన్నీ అయ్యాక దీపం ముందు కూర్చునేదాన్ని. ఆ ఒక్క మాటతో మా పని పనే కాకుండా పోయింది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఇక్కడి సరుకే అని చెప్పే ముద్ర, వచ్చిందని పేపర్లో చదివి సంతోషించాను గానీ, ముందు ఆ ఏజెంటే గుర్తొచ్చాడు.

కూలి ఎప్పుడు పెరుగుతుందంటే, "ఇది చాలదు, ఇంకోచోటికి పోతాను" అనగలిగినప్పుడు. మీ పెద్దమ్మ కువైట్లో ఆ మాట అనలేకపోయింది. ఇంటిపనికి వెళ్లినవాళ్ల వీసా ఒక్క యజమానితోనే ముడిపడి ఉంటుంది. పైగా ఆమె పాస్‌పోర్ట్ కూడా యజమానులే దాచేశారు. బర్మాలో బాకీ చేసిన పని అక్కడ ఆ వీసా చేసింది. ఆమె పంపిన డబ్బుతోనే ఈ డాబా వేశాం, అదీ నిజమే. ఆమె అక్కడ పరాయి పిల్లలకి అన్నం తినిపిస్తుంటే, ఆమె పిల్లలకి ఇక్కడ నేను తినిపించాను. మీ పుస్తకంలో ఈ పనికి లెక్క ఉందేమో చూడండి.

సంక్రాంతికి పెద్దమ్మా వస్తోంది. పాస్‌పోర్ట్ సంగతి ఆవిణ్నే అడగండి, నవ్విస్తూ చెబుతుంది. మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్తే మాత్రం వెంటపడకండి.

మీ అమ్మమ్మ