పాత ఆంప్‌లో ఒక పక్క సౌండ్ తగ్గిందా? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక రిటైర్డ్ మాస్టారు ఆటోలో ఆంప్లిఫయర్ పెట్టుకుని రిపేరుకని నా దగ్గరికి వచ్చారు. 1970ల నాటి జపాన్ పవర్ ఆంప్. "ఎడమ పక్క నీరసంగా వస్తోంది బాబూ. నాలుగు ట్రాన్సిస్టర్లూ మార్పించాను, అయినా అంతే" అన్నారు. మూత తీస్తే హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రెక్కలు) మీద కొత్త మెటల్ ట్రాన్సిస్టర్లు తళతళలాడుతున్నాయి. పాతవి ఏవండీ అంటే, "మార్చిన అబ్బాయి పారేశాడు" అన్నారు. కడుపు మండిపోయింది.

అపోహ: ఒక ఛానల్‌లో సౌండ్ తగ్గిందంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ (స్పీకర్‌కి పవర్ ఇచ్చేది) వీక్ అయినట్టే.

వాస్తవం: ఏళ్లు గడిచేకొద్దీ నీరసపడటానికి అదేమన్నా పాత రేడియోల్లోని గాజు వాల్వా? ట్రాన్సిస్టర్ పోతే చాలావరకు షార్టయి పోతుంది. ఫ్యూజు ఎగిరిపోతుంది, లేదా స్పీకర్లను కాపాడే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పట్టదు. రిలే లేని మోడల్ అయితే ఊఫర్ (పెద్ద స్పీకర్) కాయిల్ కాలుతుంది. ఓపెన్ అయితే, అంటే లోపల తెగితే, సౌండ్ చిరిగినట్టు వస్తుంది. తక్కువగానైనా శుభ్రంగా పాడుతోందంటే దాని జోలికి పోకండి. అసలు గెయిన్‌ని (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో దాన్ని) నిలబెట్టేది ఫీడ్‌బ్యాక్‌లోని, అంటే అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపే దారిలోని, రెండు రెసిస్టర్లు. 22కె, 1కె (కె అంటే కిలో ఓమ్) ఉంటే గెయిన్ 23 రెట్లు. ఆ 1కె పాతబడి 1.4కె అయిందంటే గెయిన్ 16.7కి దిగుతుంది, అంటే దాదాపు 3 డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) లాస్. ఆ చిన్న రెసిస్టర్ని ఒక్కరూ కొలవరు.

పైగా అప్పటి ట్రాన్సిస్టర్ నంబర్లు చాలావాటికి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. వాటి పేరుతో అమ్మేవాటిలో నకిలీలు బోలెడు. పైన మెటల్ డబ్బా టీఓ-3 రకానిదే, లోపల చిప్ మాత్రం ఆవగింజంత. మెల్లగా పెడితే బాగానే పాడతాయి, గట్టిగా పెట్టిన రోజు పోతాయి. అందుకే పాతవి పారేయనివ్వకండి, అడిగి తెచ్చుకోండి.

మాస్టారి ఆంప్‌కి ముందు ఇన్‌పుట్ వైర్లు ఎడమకుడి మార్చాను. లోపం కుడికి వస్తే తప్పు కేబుల్‌దో ప్రీఆంప్‌దో (పవర్ ఆంప్‌కి ముందుండే, వాల్యూమ్ ఉన్న పెట్టె). రాలేదు. పవర్ ఆపి స్పీకర్ వైర్లు మార్చాను. ఈసారి కుడి స్పీకర్ నీరసపడింది. అంటే స్పీకర్లు మంచివే, తప్పు ఆంప్‌లోనే. వాల్యూమ్ ఒక్కసారిగా పెంచితే టప్పుమని ఎడమ ఛానల్ పూర్తిగా వచ్చింది! తగ్గించిన కాసేపటికి మళ్లీ మామూలే. ఇలా అయితే నా అనుమానం నేరుగా ప్రొటెక్షన్ రిలే మీదికి పోతుంది. రిలే కవర్ తీసి చూస్తే కాంటాక్టు మీద మసిలాంటి నల్లటి పొర. కోఠిలో అదే కాయిల్ వోల్టేజి రిలే దొరికింది. ట్రాన్సిస్టర్లకు ఆయన పెట్టిన దాంట్లో పదోవంతు కూడా కాలేదు. కొత్తది దొరికేదాకా క్లీనర్‌లో తడిపిన కాగితం ముక్కతో కాంటాక్టులు తుడవొచ్చు. ఎమెరీ పేపర్ మాత్రం వద్దు, వెండి పూత లేచిపోతుంది.

మిగతావి చకచకా.

బయాస్ ప్రీసెట్ (ట్రాన్సిస్టర్లలో నిలకడ కరెంటును సెట్ చేసే చిన్న స్క్రూ) తిప్పితే సౌండ్ సమానమవుతుందా? కాదు, వేడి పెరుగుతుంది. ఇంకాస్త తిప్పితే పొగొస్తుంది.

కెపాసిటర్లన్నీ మార్చేయాలా? పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు చాలా ఆంప్‌లలో రెండు ఛానళ్లకూ ఉమ్మడివే, ఒక పక్కనే ఎలా తగ్గిస్తాయి? ఒక పక్క బేస్ మాత్రమే తగ్గితే ఫీడ్‌బ్యాక్‌లోని చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ చూడండి.

రెండు పక్కలా అచ్చంగా సమానంగా ఉండాలా? వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడు రెండు మూడు డీబీల తేడా కొత్త కంట్రోల్‌లోనూ ఉండొచ్చు. దానికి టెన్షన్ పడకండి.

మొన్నొక కుర్రాడు అలాగే నిద్రమానుకుని ఆంప్ పట్టుకొచ్చాడు. వైర్లు ఎటు మార్చినా ఎడమకే తక్కువంటాడు. కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చోమన్నాను. "ఇప్పుడూ ఎడమ పక్కే తక్కువ సార్" అన్నాడు. ఆంప్ మూత బిగించేసి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపాను. చెవిలో గులిమి.