లండన్ వార్తల రేడియో వాదనల రేడియో ఎలా అయింది?

లండన్ టాక్ రేడియో ఎల్‌బీసీ పేరు ఎత్తగానే బ్రిటన్‌లో తరచూ లేచే తగవు ఒకటుంది: మైకు ముందు కూర్చున్న మనిషికి సొంత అభిప్రాయం ఉండొచ్చా? ఉంటే దాన్ని రోజుకు మూడు గంటలు వినిపించవచ్చా? ఆ స్టేషన్ వ్యాఖ్యాతలు నిక్ ఫెరారీ, జేమ్స్ ఓబ్రయన్, అక్కడ కొన్నాళ్లు వ్యాఖ్యాతగా ఉన్న రాజకీయ నాయకుడు నైజెల్ ఫరాజ్ లాంటి పేర్ల చుట్టూ ఈ చర్చ నడుస్తుంది కాబట్టి ఇదంతా వ్యక్తుల నైజం వల్ల వచ్చిందనిపిస్తుంది. స్టేషన్ చరిత్ర తిరగేస్తే మాత్రం అసలు కారణం డబ్బుల లెక్కలో కనిపిస్తుంది.

1972లో సౌండ్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం వచ్చేదాకా బ్రిటన్ గడ్డ మీద చట్టబద్ధమైన రేడియో అంటే బీబీసీ ఒక్కటే. కొత్త చట్టం కింద ఇండిపెండెంట్ బ్రాడ్‌కాస్టింగ్ అథారిటీ (ఐబీఏ) లండన్‌కు రెండు లైసెన్సులు ఇచ్చింది. ఒకటి వార్తలకు, సమాచారానికి, రెండోది వినోదానికి. వార్తల లైసెన్సు దక్కించుకున్న లండన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ, అంటే ఎల్‌బీసీ, 1973 అక్టోబరు 8న తెల్లవారి 6 గంటలకు గాలిలోకి వచ్చింది. మొదట వినిపించిన గొంతు డేవిడ్ జెస్సెల్‌ది. వినోదం లైసెన్సు తెచ్చుకున్న క్యాపిటల్ రేడియో మొదలైంది ఆ తర్వాత 8 రోజులకు. పత్రికల వీధి ఫ్లీట్ స్ట్రీట్ పక్కనే ఉన్న గఫ్ స్క్వేర్‌లో ఎల్‌బీసీ స్టూడియో పెట్టారు. దేశంలోని మిగతా ప్రైవేటు స్టేషన్లకు గంట గంటకూ బులెటిన్ పంపే ఇండిపెండెంట్ రేడియో న్యూస్ (ఐఆర్ఎన్) కూడా అక్కడి నుంచే నడిచింది.

కష్టం మొదటి ఏడాదే ఎదురైంది. పాటల స్టేషన్‌లో గంట నింపడానికి ఒక వ్యాఖ్యాత, కొన్ని రికార్డులు చాలు. వార్తల స్టేషన్‌కు రిపోర్టర్లు, సబ్ ఎడిటర్లు, రాత్రి షిఫ్టు, టేపు కోసి అతికించే మనుషులు అందరూ కావాలి. ఆదాయం మాత్రం ఇద్దరికీ ఒకే గీటు దాటదు: గంటకు 9 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని నిబంధన. పైగా మొదట్లో దొరికింది 417 మీటర్ల తరంగదైర్ఘ్యం మీద తాత్కాలిక ట్రాన్స్‌మిటర్. శాఫ్రన్ గ్రీన్‌లోని శాశ్వత ట్రాన్స్‌మిటర్, 261 మీటర్ల స్థానం 1975లో గాని రాలేదు. ఈలోగా చమురు సంక్షోభం, 1974 మొదట్లో కరెంటు పొదుపు కోసం పెట్టిన మూడు రోజుల పని వారం వచ్చి ప్రకటనదారుల చేతులు కట్టేశాయి.

ఖరీదైన గంటలు, చవకైన గంటలు పక్కపక్కన పేర్చక తప్పలేదు. అన్నిటికన్నా చవకైన గంట ఫోన్ ఇన్. ఒక వ్యాఖ్యాత, ఒక ప్రొడ్యూసర్, ఫోన్లు ఎత్తడానికి ఒకరిద్దరు ఉంటే రెండు మూడు గంటలు గడిచిపోతాయి. విషయం ఉదయం పత్రికలు ఇస్తాయి, మిగతాది శ్రోతలే మాట్లాడతారు.

చవక గదా అని తేలిక అనుకోకూడదు. కాల్ రాగానే నేరుగా మైకుకు కలపరు. ఎత్తినవారు పేరు, ఏ పేట నుంచి, చెప్పదలచిన మాట ఒక్క వాక్యంలో ఏమిటి అని అడుగుతారు. ఆ మూడూ వ్యాఖ్యాత ముందుకు వెళతాయి; అప్పట్లో చీటీ మీద, ఇప్పుడు తెర మీద. వరసగా ఒకే మాట చెప్పే నలుగురిని పెడితే కార్యక్రమం చచ్చుబడుతుంది కాబట్టి, ఎదురు చెప్పేవారిని ముందుకు జరపడం ప్రొడ్యూసర్ పని. కాలర్‌కు స్టూడియో మాట తిరిగి పంపేటప్పుడు అందులోంచి అతని గొంతు తీసేసి పంపాలి. లేకపోతే తన మాటే తనకు తిరిగి వినిపించి తడబడతాడు. ఇంట్లో రేడియో మోగుతుంటే ఇంకా కష్టం. ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వెళుతుంది కాబట్టి, తాను ఇందాక అన్నది ఇప్పుడు వినబడి మాట ఆగిపోతుంది. లైన్ కలిపేముందు ‘రేడియో కట్టేయండి’ అని చెప్పేది అందుకే.

ఆ ఆలస్యం కావాలనే పెట్టింది. బూతు మాట, పరువు నష్టం తెచ్చే ఆరోపణ, కోర్టులో నడుస్తున్న కేసు గురించిన వ్యాఖ్య ఏదైనా దొర్లితే బయటికి పోకుండా ఆపడానికి ఆ కొద్ది సెకన్లే దిక్కు. టేపు రోజుల్లో రికార్డింగ్ హెడ్‌కూ ప్లేబ్యాక్ హెడ్‌కూ మధ్య టేపు ప్రయాణించే సమయమే ఆలస్యం. ఒకసారి బటన్ నొక్కి మాట కోసేస్తే ఆ నిల్వ ఖాళీ అవుతుంది. అది మళ్ళీ నిండేదాకా జింగిల్ వేసుకోవాలి, ఆ వ్యవధిలో రెండో బూతు పడితే రక్షణ లేదు. డిజిటల్ యంత్రాలు వచ్చాక మాటల మధ్య ఖాళీలను వినీ వినబడనంతగా సాగదీస్తూ ఆలస్యాన్ని మళ్ళీ పోగు చేస్తున్నాయి.

ఈ పద్ధతికి ఎల్‌బీసీలో ఒక స్వభావం తెచ్చింది బ్రయాన్ హేస్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆయన 1976 నుంచి 1990 దాకా ఉదయం ఫోన్ ఇన్ నడిపాడు. కాలర్‌ను బుజ్జగించడు. ఆధారం అడుగుతాడు, తర్కం నిలవకపోతే మొహమాటం లేకుండా లైన్ తీసేస్తాడు. శ్రోతను సమానుడిగా చూడడమంటే ఇదేనని నా అభిప్రాయం. తర్వాతి తరం వ్యాఖ్యాతల దూకుడుకు మూలాలు వెతికితే హేస్ దగ్గరికే చేరతాం. ఒక్క తేడా: ఆయన ఎక్కువగా ప్రశ్నించాడు, వాళ్లు ఎక్కువగా ప్రకటిస్తున్నారు.

అదే కాలంలో వార్తల వైపు కూడా బలంగానే ఉంది. బాబ్ హోల్‌నెస్, డగ్లస్ క్యామెరన్ జంట 1975 నుంచి పదేళ్లు ఉదయం ‘ఏఎం’ కార్యక్రమం నడిపింది. జాన్ స్నో టీవీకి వెళ్లకముందు ఇక్కడి రిపోర్టరే. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధాన్ని ఐఆర్ఎన్ తరఫున కిమ్ సబిడో అక్కడి నుంచే చెప్పాడు.

స్టేషన్‌ను కుంగదీసింది 1989 విభజన. ఒకే కార్యక్రమాన్ని ఎఫ్ఎం, మీడియం వేవ్ రెండింటిలో వేయడం మాని వేరు చేయాలని అధికారుల ఒత్తిడి. ఎఫ్ఎం 97.3 మీద వార్తలతో క్రౌన్ ఎఫ్ఎం, మీడియం వేవ్ 1152 మీద లండన్ టాక్‌బ్యాక్ రేడియో వచ్చాయి. ఖర్చు రెండింతలయింది, ఎల్‌బీసీ అన్న పేరుకున్న పట్టు సడలింది. 1993లో ఐబీఏ స్థానంలో వచ్చిన రేడియో అథారిటీ లైసెన్సును లండన్ న్యూస్ రేడియో అనే పోటీ సంస్థకు ఇచ్చేసింది. 1994లో పాత కంపెనీ దివాలా తీసి, ఆ అక్టోబరులో పేరు కూడా గాలిలోంచి పోయింది. 1996లో 1152 మీద అదే పేరు తిరిగి పెట్టారు. ఇరవై ఏళ్ల అలవాటును ఫ్రీక్వెన్సీ పట్టికతో చెరిపేయలేమని కొత్త యజమానులకూ అర్థమైందన్నమాట.

స్టేషన్‌ను 2002లో కొన్న క్రిసాలిస్ సంస్థ 2003 జనవరిలో అసలు మలుపు తిప్పింది. నాణ్యంగా వినబడే 97.3 ఎఫ్ఎం మాటలకు ఇచ్చి, వరస వార్తలను 1152కు పంపింది. ముప్పై ఏళ్ల కిందటి లెక్క ఇక్కడ తేలింది: జనం వార్త ఎక్కడైనా వింటారు, ఫలానా మనిషి మాట మాత్రం ఫలానా చోటే దొరుకుతుంది. పత్రికల నుంచి వచ్చిన ఫెరారీ ఉదయం, ఓబ్రయన్ 10 గంటల తర్వాత స్థిరపడ్డారు. 2007లో గ్లోబల్ అనే రేడియో సంస్థ చేతికి వచ్చాక స్టూడియోలో కెమెరాలూ చేరాయి. 2013లో ఉప ప్రధాని నిక్ క్లెగ్ వారం వారం శ్రోతల ఫోన్లకు జవాబివ్వడం మొదలుపెట్టాడు. 2014 మేలో ఓబ్రయన్ ఫరాజ్‌ను నిలదీసిన ఇంటర్వ్యూ క్లిప్పుగా ఊరూరా తిరిగింది. ఆ ఫరాజే 2017 నుంచి 2020 దాకా అదే స్టేషన్‌లో వ్యాఖ్యాత.

హైదరాబాద్, విజయవాడ శ్రోతలకు ఇలాంటి స్టేషన్ ఎందుకు లేదంటే, మన ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వేసుకోవచ్చు, అంతే. వార్త లేనిచోట దాని మీద గంటల తరబడి వాదన పెరగదు.

బ్రిటన్‌లో ఈ తగవును నడిపించేది నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమావళి. వ్యాఖ్యాత తన అభిప్రాయం చెప్పవచ్చు, కానీ ఎదుటి పక్షానికి తగినంత చోటివ్వాలి. ఫోన్ ఇన్‌లో భిన్నాభిప్రాయాన్ని ఆహ్వానించాలి, అడ్డుకోకూడదు. రాజకీయ నాయకుడు చర్చా కార్యక్రమం నడపవచ్చుగాని, ప్రత్యేక కారణం లేకుండా వార్తలు చదవకూడదు. అభ్యర్థి అయితే ఎన్నికల కాలంలో వ్యాఖ్యాతగా కూర్చోకూడదు. స్థానిక రేడియోకు ఇంకాస్త వెసులుబాటు ఉంది: ఒకే పక్షానికి మితిమీరిన ప్రాధాన్యం ఇవ్వకుంటే చాలు. 2014 ఫిబ్రవరి 11న ఎల్‌బీసీ డిజిటల్ రేడియోలో దేశమంతటికీ విస్తరించడంతో, ఆ ప్రసారానికి జాతీయ సర్వీసులకు వర్తించే కఠినమైన నిష్పాక్షికత నిబంధనలు వచ్చి పడ్డాయి. నగరానికి సరిపోయిన వ్యాఖ్యాతల తీరును దేశం కొలమానంతో కొలవడం అప్పటి నుంచే.